గాజులకు చుట్టిన జ్యామెట్రీ

రెండేళ్లుగా ఆఫీసు నుంచి వచ్చాక ఎంబీఏ ప్రవేశ పరీక్షకు చదువుతున్నాను. ఈలోగా ఆ పరీక్షే మారిపోయింది. వ్యాసం తీసేశారు, నాకు కాస్త బాగా వచ్చే జ్యామెట్రీ కూడా తీసేశారు. చూస్తేనే తలనొప్పి వచ్చే డేటా పట్టికలు కొత్తగా పెట్టారు. నిన్న అన్నం తింటూ ఈ సంగతి అమ్మకు చెప్పి, విసుగ్గా పడుకున్నాను.

ఈ సాయంత్రం ఫలక్‌నుమాలో రైలు దిగి నడిచి వస్తుంటే, మా గల్లీ మొదట్లో గాజుల దుకాణం యూసుఫ్ భాయ్ ఎవరికో డజను గాజులు కాగితంలో చుట్టి ఇస్తున్నాడు. ఆ కాగితం మీద ఉన్నది నా చేతిరాత.

"భాయ్, అవి నా నోట్సు గదా."

"మీ అమ్మనే పొద్దుగాల ఇచ్చిపోయింది బేటీ. గవి ఇంక పరీక్షల రావంట గదా. కాగితం మస్తు మందంగుంది, గాజులు పగుల్తలేవు." పొట్లానికి దారం కడుతూ, "మిగిలినవి గూడ తీసేస్తే జెర చెప్పు," అన్నాడు.

కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. నేనూ ఒక డజను కొనుక్కుని ఇంటికొచ్చాను. విప్పి చూస్తే వృత్తాల పాఠం. అందులో మూడో లెక్క తప్పు చేశాను, ఇన్నాళ్లూ చూసుకోనేలేదు. అది ఇక నా పరీక్షలో రాదని తెలిసీ, బట్టలైనా మార్చుకోకుండా పెన్ను తీసి దిద్దాను.

మీలో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉంటే చెప్పండి. డేటా పట్టికల పుస్తకం మాత్రం ఇంకా తెరవలేదు.