పూత షెడ్డు స్థలానికి ఏకసభ్య సంఘం యాత్ర

కలుషిత స్థలాన్ని సందర్శించదలచినవారు ముందుగా సంబంధిత ఫైలును, పిదప సంబంధిత స్థలాన్ని చూడవలెను. ఈ వరుస తారుమారైనచో ఫైలుకు, స్థలానికి పోలిక కుదరక, సందర్శకుడు ఆలోచనలో పడే ప్రమాదం కలదు. ఇరవై ఏళ్లుగా ఈ పద్ధతిని పాటిస్తున్నందువల్లనే నాకు నిద్ర బాగా పడుతోంది.

కృష్ణగిరి జిల్లా అయిన కొత్తలో, హోసూరు అంచున ఉన్న ఒక కూలీల కాలనీ ఫైలు నా బల్లమీదికి వచ్చింది. ఇనుప సామానుకు మెరుగుపూత వేసే షెడ్డు ఒకటి ఆ కాలనీ నడుమ మూతపడి చాలా ఏళ్లయింది. ఆ ఖాళీ స్థలంలో అంగన్‌వాడీ కట్టవచ్చునా, రసాయనాలు ఇంకిన నేల గనుక కట్టరాదా అన్నది తేల్చాలి. ముగ్గురు సభ్యుల సంఘంలో ఇద్దరు సెలవు పెట్టినందున అధ్యక్షుడిని, కార్యదర్శిని, పార మోసే బంట్రోతును నేనే అయ్యాను.

ఉదయం ఏడింటికి కృష్ణగిరి బస్టాండులో ఆర్డినరీ బస్సు ఎక్కాను. టికెట్టు పదిహేను రూపాయలు. పారకు టికెట్టు అడగలేదు. శూలగిరి మీదుగా గంటన్నర ప్రయాణం. పక్క సీటులో పార ఉండడంతో ఎవరూ కూర్చోలేదు, సంఘ సమావేశం ఏకగ్రీవంగా ముగిసింది. హోసూరులో ఇడ్లీ తిని, మునిరాజప్ప అనే ఆయన ఆటో మాట్లాడాను.

“ఆ కాలనీకా సార్? ఆడ చూసేదానికి ఏముండాది? నాలుగు కుక్కలు, ఒగ మొండిగోడ.”

“చూసేదానికి కాదప్పా, తనిఖీకి వచ్చినాను.”

“రెండూ కండ్లతోనే గదా సార్” అని ఇరవై రూపాయలు చెప్పాడు. తర్కంలోనూ బేరంలోనూ నేనే ఓడిపోయాను.

స్థలం మాత్రం కన్నులపండువగా ఉంది. ఎర్రమట్టి సమంగా పరచి, నీళ్లు చల్లి, వాకిట ముగ్గు వేశారు. నా సర్వీసులో ఇంత శుభ్రమైన కాలుష్యాన్ని చూడలేదు. నిబంధన ప్రకారం నాలుగు మూలలా, నడిమధ్యనా జానెడు లోతు తవ్వి ఐదు పొట్లాలు కట్టాను. రాగులు చల్లితే మొలిచేటట్టున్న మట్టి. “అర్హం” అని రాయడానికి పెన్ను తీశాను.

అప్పుడు గౌరమ్మ వచ్చింది. కెలమంగలం ఆడపడుచు, ఈ కాలనీ కోడలు. ఇంట్లో రెండు తట్టల్లో పట్టుపురుగులు పెంచుతుంది. ఆ ఖాళీ స్థలం చుట్టూ కంచె పొడవునా ఉన్న మల్బరీ మొక్కలు ఆమె నాటినవే.

“రాయొద్దప్పా. ఆ మట్టి ఈ నేలది కాదు. ఆపీసరు వస్తాడని నిన్న మేమే మూడు ట్రాక్టర్లు తోలించినాము, అత్తిముగం చెరువు మట్టి.”

కొళాయి దగ్గర బిందెలు నిలిచిపోయాయి. “నోరు మూసుకోమ్మే గౌరమ్మా! వచ్చే బడిని నువ్వే తరిమేసేటట్లుండావే!” అని ఒకామె అరిచింది.

“పోతే పోనీలేమ్మే. నా మనవరాలు ఈడనే గదా కూర్చొని తినేది. పురుగు ముట్టని నేల మింద బిడ్డని కూర్చోబెడదునా?”

నాకు అర్థం కాలేదని గ్రహించి ఇంటికి తీసుకుపోయింది. నా జేబులోని సిగరెట్టు పెట్టె బయట పెట్టించి, చేతులు రెండుసార్లు కడిగించింది. పురుగులకు పొగాకు వాసన గిట్టదట. తూర్పు కంచె ఆకు ఒక తట్టలో, పడమటి కంచె ఆకు మరో తట్టలో వేసింది. భోజన విరామం దాటిపోయింది. తూర్పు ఆకు ఈనెలు మాత్రమే మిగిలాయి. పడమటి ఆకు అంచు కూడా తెగలేదు. పురుగులు తల పైకెత్తి, అర్జీ తిరస్కరించిన అధికారుల్లా నిశ్చలంగా ఉన్నాయి.

“ప్రతిసారీ ఇంతేనా?”

“రెండేండ్లుగా ఇంతే. పూత తొట్లు ఆ పక్కనే ఉండె.”

తిరిగి వెళ్లి పడమటి పక్క మోకాలి లోతు తవ్వాను. ఎర్రమట్టి అడుగున పసుపుపచ్చ మట్టి, ముక్కు మండే వాసన. కేకలేసిన ఆమె కూడా వచ్చి తొంగిచూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాత పొట్లాలు పారబోసి, తూర్పున, పడమర లోతు నుంచి కొత్తవి కట్టాను. తర్వాత లాబొరేటరీవారు పురుగులతో ఏకీభవించారు, కాకపోతే ఏడు వారాలు ఆలస్యంగా.

మరుసటి ఏడు సొంత ఖర్చుతో మళ్లీ వెళ్లాను. పడమటి మట్టిని నడుములోతు తోడి తరలించారు. అంగన్‌వాడీ తూర్పున లేచింది. గౌరమ్మ మనవరాలు గుడ్డు తింటూ, నాకు పెట్టనక్కరలేదని నిర్ణయించుకున్నట్టు నావైపు వీపు తిప్పింది. మంచి మట్టి పరచినవారిది మోసమని నేటికీ అనలేను. పెళ్లిచూపులకు ఇల్లు అలుక్కోనివారెవరు? కానీ ఇల్లు అలికినవారే వచ్చి గోడ వెనుక పగులు చూపించడం నా సర్వీసులో అదొక్కసారే జరిగింది. ఆ రోజు భోజనం లేకపోయినా కడుపు నిండుగానే బస్సెక్కాను.

వెళ్లేవారికి ఒక సలహా: పొడుగుపిడి పార తీసుకుపోండి, మోకాలి లోతు దాటేవరకు పెన్ను తీయకండి.

చివరగా, పట్టుపురుగులు భోజనం ముగించేవరకు తనిఖీ అధికారి భోజనానికి లేవరాదు. అవి తినకపోయినచో అధికారికి కూడా ఆ పూట ఉపవాసమే. ఇదే తుది నియమం. దీనిపై అప్పీలు చేసుకొనదలచినవారు చేతులు రెండుసార్లు కడుక్కొని నేరుగా పురుగులకే చేసుకొనవలెను.