ముందే వచ్చి కూర్చునే పేరు

మా వదిన పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను ఆమె కుర్చీలోనే ఉన్నాను. పొద్దున్నే వచ్చిన ఒక నేతగాడికి నూలు చీటీ రాస్తున్నాను. కర్నూలు ఆసుపత్రి నుంచి మా ఆయన "అక్క ల్యాదే" అన్నాడు. నా పక్కన ప్రింటరు గరగరలాడుతూ చీటీని బయటికి తోసింది. చీటీ అడుగున, రాసినవారు అన్నచోట, మా వదిన పేరే ఉంది. నేతగాడు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, నా ముఖం చూసి, నూలు మూట ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

వదిన అంటే మా ఆయనకు అక్క. కామెర్లు ముదిరి పోయింది. మా ఇంట్లో వాళ్ళు మగ్గాలవాళ్ళకు నూలు ఇచ్చి, చీరలు నేయించుకుంటారు. పెళ్ళయిన కొన్నాళ్ళకే ఆమె కాపురం వద్దనుకుని పుట్టింటికి వచ్చేసింది. రోజూ కడపకు బస్సులో పోయి కంప్యూటరు నేర్చుకుంది. తర్వాత నూలు గది మూలలో ఒక కంప్యూటరు పెట్టించి, ఎవరికి ఎంత నూలు పోయింది, ఎన్ని చీరలు వచ్చాయి అన్నదంతా అందులోకి ఎక్కించింది. "మొగున్ని వద్దని మిషను తెచ్చుకునింది" అని వీధిలో అనేవాళ్ళు. ఆమె వాళ్ళకు వినపడేటట్టే జవాబు చెప్పేది. "ఇది కూరలో ఉప్పు తక్కువని గిన్నె ఇసిరి కొట్టదులే అక్కా."

నేను కోయిలకుంట్ల నుంచి కోడలిగా వచ్చేటప్పుడు ఐదో తరగతి చదువు, నోరు తెరవనివ్వని సిగ్గు తెచ్చుకున్నాను. ఆడబిడ్డ ఉన్న ఇల్లని మా అమ్మ భయపడింది. ఆ ఆడబిడ్డే ఒకరోజు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. తెర మీద వరసగా గడులు. ప్రతి గడి పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట. "నూలు రంగు రాసేదానికి చోటు ల్యాదు గదా, ఇప్పుడు సూడు" అని వేరే చోట ఏదో కొట్టి, ఈ పేజీని మళ్ళీ తెరిచింది. అప్పటిదాకా లేని రంగు గడి అక్కడ ఉంది.

"ఇది యాడినుంచి వచ్చింది వదినా?"

"నేను పేజీని ముట్టుకోనే ల్యాదు. లోపల ఒక పట్టిక ఉండాది. దాంట్లో ఒక వరస కలిపినా. తెరిచినప్పుడల్లా పేజీ ఆ పట్టికను సూసి తనంతట తానే గడులు గీసుకుంటాది. పడుగు ఎంత పరిస్తే గుడ్డ అంత వెడల్పు గదా, అట్లనే."

అట్లా గీసే ప్రోగ్రాం రాయడానికి ఆమెకు ఒక ఎండాకాలమంతా పట్టింది. "నేను ల్యాకున్నా ఇది గీసుకుంటానే ఉంటాది" అని నవ్వేది. అప్పుడది పని గురించిన మాటే.

నాకు పని నేర్పిన మొదటి రోజే యజమాని పేరు అన్న గడి దగ్గర ఆగిపోయాను. అది మా ఆయన పేరు. నేను ఎప్పుడూ పలికింది లేదు. ఆ గడి ఖాళీగా ఉంటే పేజీ ముందుకు పోదు. వదిన "నోటితో చెప్పొద్దులేమ్మే, వేళ్ళతో కొట్టు. వేళ్ళకు సిగ్గెందుకు?" అంది. చెమటలు పట్టి కొట్టాను. ఆమె పడీపడీ నవ్వింది.

చివరి గడి, రాసినవారు అన్నది. దాంట్లో మాత్రం వదిన పేరు ముందే వచ్చి కూర్చుని ఉండేది. ఎవరూ ఏమీ కొట్టకపోతే ఈ పేరు పెట్టమని ఆమె పట్టికకు చెప్పి ఉంచింది. "నువ్వు రాసినప్పుడు నాది చెరిపి నీది కొట్టుకో" అని ఎన్నిసార్లు చెప్పినా నేను కొట్టలేదు. పెళ్ళి పత్రిక మీద తప్ప నా పేరు అచ్చులో చూసుకున్నది లేదు. ఆమె విసుక్కునేది కాదు. "తప్పు కొడితే చెరుపుకోవచ్చు. కొట్టకుంటే ఏం చెరుపుకుంటావు?" అనేది.

రోజూ కూర్చునే ముందు కొంగుతో తెర తుడిచేది. పనిచేస్తూ వేయించిన వేరుశనగ బుడ్డలు తినేది. ఆ పొట్టు కీబోర్డు సందుల్లో ఇప్పటికీ దొరుకుతోంది.

ఆమె పోయాక కూడా మగ్గాలు ఆగవు కదా. నేనే కూర్చున్నాను. పేజీ తెరవగానే అన్ని గడులూ ఖాళీ, చివరి దాంట్లో ఆమె పేరు. మొదట్లో, ఇప్పుడే కొట్టి పక్క గదిలోకి లేచిపోయినట్టు అనిపించి తలుపు వైపు చూసేదాన్ని. పోనుపోను అది కనపడకపోతే ఎట్లా అన్న భయం పట్టుకుంది. మా అత్తకు చదువు రాదు. ఇంగ్లీషులో కూతురి పేరు మొదటి అక్షరం కొక్కెం మాదిరి ఉంటుందని మాత్రం తెలుసు. పొద్దున్నే వచ్చి పీట మీద కూర్చునేది.

"వచ్చిందామ్మే?"

"వచ్చిందత్తా."

ఆ కొక్కెం చూసుకున్నాకే లేచి పొయ్యి దగ్గరికి పోయేది.

ఆనాడు చీటీ తీసుకున్న నేతగాడు ఒకరోజు నూలు మూట విప్పకుండానే తిరిగి తెచ్చాడు. మా ఆయన ముందు చీటీ పరిచాడు.

"ఈ తేదీ సూడప్పా. ఆమె పోయిన పొద్దు ఇది. ఆమె చేత్తో ఇచ్చినట్లు రాసుండాది. ఆమంటే నాకు శానా గౌరవం. కానీ నా కూతురి పెండ్లి చీర ఈ నూలుతోనే నేయాల. మగ్గానికి ఎట్ల ఎక్కించేది?"

ఆ తర్వాత ఇంకొందరు వచ్చారు. పోయినామె పేరుతో వచ్చే నూలు వద్దన్నారు. ఇట్లే ఉంటే వేరే షావుకారి దగ్గరికి పోతారని మా ఆయన దిగులుపడి, కడప నుంచి కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించాడు.

అతను పట్టిక తెరిచి చూసి, "ఒక్క మాట మారిస్తే సాలు. ఏం పేరు పెట్టేది?" అన్నాడు.

మా ఆయన నా పేరు చెప్పాడు. ఆయన నోట నా పేరు వినడం నాకు కొత్త.

గడప దగ్గర మా అత్త నిలబడి ఉంది. "ఆడ తీసేస్తే అది యాడికి పోతాది నాయనా?"

అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. "పాత చీటీల్లో అట్లే ఉంటాదవ్వా. కొత్తవాటిలోనే రాదు."

పరాయి మగవాడి ముందు నేను మా ఆయన మాటను కాదన్నది అదే మొదలు. "నా పేరు పెట్టొద్దన్నా. ఏమీ పెట్టొద్దు. ఖాళీగా ఉంచు."

"ప్రతిసారీ కొట్టుకోవాల్సి వస్తాదక్కా."

"కొట్టుకుంటా."

మొదటి చీటీ ఆ నేతగాడికే రాశాను. చివరి గడిలో నా పేరు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. ఒక అక్షరం తప్పు పడితే చెరిపి మళ్ళీ కొట్టాను. అతను చీటీ కళ్ళకు అద్దుకుని, అదే నూలు మూట ఎత్తుకుని పోయాడు.

మా అత్త పీట మీద కూర్చునే ఉంది. "వచ్చిందామ్మే?" అంది, అంతా తెలిసి కూడా. నేను వదిన పోయిన రోజు చీటీ తెరిచాను. అత్త తెర దగ్గరికి జరిగి, కొంగుతో ఆ కొక్కెం ఉన్న ఒక్క చోటే తుడిచి, లేచి పోయింది.

ఇప్పుడు కొత్త పేజీలో చివరి గడికి వస్తే సన్నని గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. నేను వెంటనే కొట్టను. వదిన ముందు కొడుతుందేమోనని కీబోర్డు మీది నుంచి చేతులు తీసి, కాసేపు ఆగుతాను.