చేతికొచ్చింది అనేదాకా

ఎల్డన్ ప్రూయిట్ పాత సామాన్ల అంగట్లో పసిపిల్లల తోపుడుబండి కొనుక్కొచ్చిన రోజు, అతని భార్య నీటా వంటింటి గుమ్మంలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది.

"మనవణ్ణివ్వమని దేవుణ్ణడిగితే ముందు బండి పంపించాడేంటయ్యా?"

"తుపాకులకి," అన్నాడు ఎల్డన్ తలెత్తకుండానే. "పోటీకి అందరూ ఇలాంటివే తోసుకొస్తారట. మన షెల్బీ చెప్పింది."

"మరి మూడు తుపాకులకీ మూడు పాలసీసాలు కూడా తేకపోయావా? మధ్యలో ఏడిస్తేనో?"

ఎల్డన్‌కి నవ్వు రాలేదు. ఆ మాటకొస్తే చలికాలం నుంచీ అతనికి నవ్వు రావడం లేదు. నీటా అది గమనించకపోలేదు. వయసు మీద పడుతోంది కదా అని సరిపెట్టుకుంది.

పశ్చిమ ఓక్లహోమాలో ఆ చుట్టుపక్కల పొలాల మధ్య ఇళ్లన్నిటికీ గ్యాసు పోసే ట్యాంకరు అతనే నడుపుతాడు. గేటు తీసుకుని లోపలికొస్తాడు, కుక్కని పేరు పెట్టి పలకరిస్తాడు, గొట్టం లాగి గ్యాసు నింపి, ఇంటివాళ్లకి టోపీ కాస్త ఎత్తి చూపించి వెళ్లిపోతాడు. మనుషులతో కంటే కుక్కలతోనే ఎక్కువ మాట్లాడతాడని ఊళ్లో ఎగతాళి. మంచివాడే గానీ మహా మొండి. తుపాకుల విషయంలో మరీను.

ఆ ఇంట్లో తుపాకి చేతులు మారాలంటే ఒక పద్ధతుంది. ఇచ్చేవాడు లోపల తూటా లేదని తెరిచి చూపించాలి. పుచ్చుకునేవాడు కళ్లారా చూసి, గట్టిగా పట్టుకుని, "చేతికొచ్చింది" అని పైకి చెప్పాలి. ఆ మాట చెవిన పడేదాకా ఇచ్చేవాడు వదలకూడదు. ఎల్డన్‌కి వాళ్ల నాన్న నేర్పింది ఇది. ఎల్డన్ తన కూతురికి నేర్పాడు.

నేర్పడమంటే మామూలుగా నేర్పలేదు. షెల్బీకి పదకొండేళ్లప్పుడు పూరేడు పిట్టల వేటకెళ్లి, ముళ్లకంచె దాటబోతూ, తుపాకి పేలకుండా ఆపే సేఫ్టీ మీట వెయ్యడం మర్చిపోయింది. ఎల్డన్ అరవలేదు, కొట్టలేదు. తుపాకి చేతికిమ్మన్నాడు. "ఈ సీజనంతా నీకు తుపాకి లేదు" అన్నాడు. ఆ పిల్ల శీతాకాలమంతా అతని వెనకాల చచ్చిన పిట్టల సంచీ మోసుకుంటూ ముక్కు చీదుకుంటూ నడిచింది. నీటా ఎంత బతిమాలినా అతను దిగిరాలేదు.

ఆ పిల్ల ఇప్పుడు పక్క కౌంటీలో పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తోంది. పెళ్లి చెడిపోయాక పుట్టింటికి రావడమే తగ్గించేసింది. ఫోను చేసినా తల్లితోనే మాట్లాడేది. అలాంటిది క్రిస్మస్‌కి వచ్చినప్పుడు, గిన్నెలు కడుగుతున్న తండ్రి పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడి, "వసంతంలో మా క్లబ్బులో పోటీ ఉంది నాన్నా. రైఫిలు, పిస్తోలు, షాట్‌గన్, మూడూ ఒకే పరుగులో. నాతో వస్తావా?" అంది. ఆమె మాట పూర్తి కాకముందే వస్తానన్నాడు. ఆ రాత్రి అతనికి సంతోషంతో నిద్ర పట్టలేదు.

అప్పటికే కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మొద్దుబారడం మొదలైంది. ఏళ్ల తరబడి గొట్టాలు లాగినందుకు మెడలో నరం నలిగిందన్నాడు డాక్టరు. ఆపరేషను చేసినా స్పర్శ తిరిగొస్తుందని చెప్పలేనన్నాడు. ఎల్డన్ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు మొక్కజొన్న రొట్టె కాలుస్తున్న పెనానికి వేలు ఆనించి అలాగే నిలబడిపోయాడు. వాసన వచ్చి నీటా కేకేస్తే తప్ప చెయ్యి తీయలేదు. పరధ్యానమని అబద్ధమాడి తప్పించుకున్నాడు. చెబితే కూతురు ఆ పిలుపు వెనక్కి తీసుకుంటుందని అతని భయం. మళ్లీ ఇంకెప్పుడు పిలుస్తుందో!

అందుకే సరంజామా తయారీ అంతా ఆ రెండు వేళ్ల చుట్టూనే తిరిగింది. షాట్‌గన్ తూటాలు గుచ్చుకునే పట్టీలని బెల్టుకి ఎడంపక్కకి మార్చాడు, ఎడంచేత్తో నింపడం అలవాటు చేసుకున్నాడు. వేళ్లు కోసేసిన చేతితొడుగు కొన్నాడు. పిస్తోలు ఒరని విప్పి బిగించి, బిగించి విప్పి, పరిగెత్తినా గెంతినా జారదని తేల్చుకున్నాడు. షెడ్డులో అతను బెల్టంతా తగిలించుకుని గెంతుతుంటే నీటా కిటికీలోంచి, "ఏమయ్యా, పెళ్లికి డాన్సు నేర్చుకుంటున్నావా? నాతో ఒక్కసారీ ఆడలేదే!" అని దెప్పింది.

అసలు చిక్కు రైఫిలుది. పోటీలో రైఫిలుతో కాల్చాక దాన్ని అక్కడుంచిన ఖాళీ పీపాలో పడేసి, పిస్తోలు తీస్తూ పరిగెత్తాలి. పడేసే ముందు బొటనవేలితో సేఫ్టీ మీట తిప్పాలి. తిప్పకపోతే అప్పటికప్పుడు ఇంటికి పంపించేస్తారు. ఎల్డన్ మామూలు మీట తీసేసి పెద్దది వేశాడు. దానిమీద గరుకు పట్టీ అంటించాడు. షెడ్డులో మళ్లీమళ్లీ చేసి చూసుకున్నాడు. తిప్పడం, టక్కుమనడం, పీపాలో పెట్టడం. ఒక్కసారి కూడా తప్పలేదు. గరుకు పట్టీ పనిచేస్తోందని మురిసిపోయాడు పాపం. పని చేస్తున్నది పట్టీ కాదు, ఆ టక్కుమనే చప్పుడు. అది అతనికి తట్టలేదు.

పోటీకి ముందురోజు మధ్యాహ్నం షెల్బీ వచ్చింది. తోపుడుబండి చూసి ముందు నవ్వింది, తర్వాత అందులో సర్దినవన్నీ ఒక్కొక్కటే తీసి చూసింది. చెవి డిప్పలు, కళ్లద్దాలు, తుపాకి ఖాళీ అని చూపించే నారింజరంగు పుల్లలు, నీళ్ల సీసా, వేరుసెనగ పలుకుల పొట్లం.

"బాగా సర్దావే! నా మొదటి పోటీకి నేను కళ్లద్దాలే మర్చిపోయా," అంది. ఎల్డన్ ముఖం వెలిగిపోయింది.

"పద, ఒక్కసారి నిజం తూటాలతో పరిగెత్తి చూద్దాం."

ఇంటి వెనక పచ్చికలో, చెరువు గట్టుకి ఆనించి గురి చూసి కాల్చే అట్టలు పాతారు. పీపా దొర్లించుకొచ్చారు. ఇద్దరూ చెవి డిప్పలు పెట్టుకున్నారు. ఎర్రమట్టి లేపుతూ గాలి వీస్తోంది. షెల్బీ అతని భుజం వెనక నిలబడి టైమరు నొక్కింది.

ఎల్డన్ బాగా కాల్చాడు. ఆ మాట ఒప్పుకోవాలి. అట్టలన్నిటికీ నడుమన దెబ్బలు పడ్డాయి. బొటనవేలు తిప్పాడు, రైఫిలు పీపాలో దించాడు, ముందుకి ఉరికాడు. చెయ్యి పిస్తోలు మీద పడింది.

"ఆగు! నాన్నా, ఆగు! పిస్తోలు మీంచి చెయ్యి తియ్!"

ఎల్డన్ బొమ్మలా నిలబడిపోయాడు. షెల్బీ పీపా దగ్గర నిలబడి లోపలికి చూస్తోంది. ముట్టుకోలేదు. అతను వెనక్కి నడిచొచ్చి తొంగిచూశాడు. మీట ఇంకా కాల్చే వైపే ఉంది. లోపల తూటా ఉంది.

"వేశాను," అన్నాడు. "నిజంగా వేశాను."

"వేశాననుకున్నావు. తీసి ఖాళీ చెయ్."

చేశాడు. తెరిచి చూపించాడు.

"ఇప్పుడు ఖాళీదానికే సేఫ్టీ వెయ్. దాన్ని చూడకు. నన్ను చూస్తూ వెయ్."

ఎల్డన్ కూతురి కళ్లలోకి చూస్తూ వేలితో నెట్టాడు. డిప్పల కింద చెవులకి ఆ టక్కుమనే చిన్న చప్పుడు వినబడలేదు. వేలి కింద ఏముందో, అసలేమైనా ఉందో లేదో తెలియలేదు.

"పడిందా?" అని అడిగేశాడు.

తుపాకి గురించి తండ్రి ఎవర్నయినా అడగడం షెల్బీ పుట్టాక వినలేదు. ఆమె మెల్లిగా చెవి డిప్పలు తీసి మెడలో వేసుకుంది. అతనూ తీశాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"చలికాలం నుంచి."

"అమ్మకి తెలుసా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఈ చేత్తోనే గ్యాసు బండి నడుపుతున్నావా?"

"మీటలన్నీ ఎడంచేత్తోనే తిప్పుతున్నానమ్మా. జాగ్రత్తగానే ఉంటున్నా."

"జాగ్రత్తా?" షెల్బీకి కోపంతో ముఖం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. "రేపక్కడ నలభై మంది ఉంటారు. పిల్లలొస్తారు. నువ్వు నా ముందు పరిగెడతావు, నీ వెనకాల నేనుంటాను. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబితే నువ్వింక పిలవవేమోనని." ఎల్డన్ నేల చూశాడు. "ఇన్నేళ్లకి పిలిచావు. దాన్ని పోగొట్టుకోలేకపోయాను షెల్బీ. అంతే."

ఆమె గట్టు వైపు తిరిగింది. అరిచినా బాగుండునని అతననుకున్నాడు.

"కంచె దగ్గర నాకేం చెప్పావో గుర్తుందా?" అంది.

"ఉంది."

"ఆ మాట నీకు నేను చెప్పను నాన్నా. నావల్ల కాదు. నువ్వే చెప్పుకో."

ఇంట్లోంచి నీటా ఏదో కేకేసింది. టీ చల్లారిపోతోందని కాబోలు.

"ఈ సీజనంతా తుపాకి లేదు," అన్నాడు ఎల్డన్.

ఒక్క సీజను కాదని ఇద్దరికీ తెలుసు. షెల్బీ మణికట్టుతో ముక్కు తుడుచుకుంది. "రేపు పొద్దున్నే వచ్చేస్తా. నా సామాన్లన్నీ నీ బండిలో వేసుకుందాం. నువ్వు తొయ్యి. చిల్లులు పడ్డ అట్టలకి కాగితాలంటించేవాళ్లు ఎప్పుడూ తక్కువే అక్కడ," అంది.

అతను తలూపాడు. పిస్తోలు ఖాళీ చేసి, ఒరతో సహా బెల్టు విప్పి తోపుడుబండిలో పెట్టాడు. రైఫిలు మళ్లీ తెరిచి, ఆమెకి కనబడేలా వంచి, రెండు చేతులతో చాపాడు. షెల్బీ లోపలికి చూసింది. పట్టుకుంది. ఆ మాట మాత్రం అనలేదు.

ఎల్డన్ వదల్లేదు.

"చెప్పమ్మా," అన్నాడు.

"చేతికొచ్చింది నాన్నా."

అతను వదిలేశాడు. షెల్బీ తనవైపు లాక్కుంది. రైఫిలు రాలేదు. ఎందుకు రావడం లేదా అని ఎల్డన్ కిందికి చూశాడు. అతని కుడిచేతి రెండు వేళ్లూ దాన్ని ఇంకా పట్టుకునే ఉన్నాయి. ఎడంచేత్తో వాటిని విప్పాడు.