పెట్టి తీసిన టోప్లీ

2011 సెప్టెంబరులో ఒక ఉదయం, పది గంటల నలభై నిమిషాలకు, మానుకోట కోర్టు ఆవరణలో టెంటు కింద జంపఖానా పరిచారు. రోజూ జరిగే పనే అది. ప్రత్యేక రాష్ట్రం కోసం వకీళ్లం విధులు బహిష్కరించి రిలే దీక్షలో కూర్చుంటున్నాం. లోపల మేజిస్ట్రేట్ గారు బెంచి ఎక్కి పేర్లు పిలిపించి, వాయిదాలు వేసి దిగిపోయేవారు. మానుకోట అప్పటికింకా జిల్లా కాలేదు. ఫ్యామిలీ కోర్టు అంటే వరంగల్ పోవాల్సిందే. చిన్న కోర్టులో నాలాంటి వాళ్లం అన్ని రకాల కేసులూ చూసేవాళ్లం. జనగామలో ప్రాక్టీసు మొదలుపెట్టి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. ఆ వేసవిలోనే నా భర్త చనిపోయాడు. ఇంట్లో కూర్చోవడం కంటే టెంటు కింద కూర్చోవడం తేలికగా ఉండేది.

అప్పుడు నా దగ్గర సుజాత కేసు ఉంది. కొత్తగూడ వైపు అడవి అంచున ఉన్న ఒక లంబాడా తండా ఆమె మొదటి అత్తగారి ఊరు. మొదటి భర్త రవితో పొసగక, తండా నాయక్, పెద్దల ముందు విడిపోయింది. కొన్నేళ్లకు నెల్లికుదురు దగ్గర ఒక తాపీమేస్త్రీని పెళ్లి చేసుకుంది. కూతురు పుట్టింది. రవి కూడా మరో పెళ్లి చేసుకున్నాడు కానీ అది నిలవలేదు. సుజాతను మళ్లీ రమ్మని కబురు పెట్టాడు. ఆమె పోలేదు. అప్పుడు ప్రైవేట్ కంప్లైంట్ వేశాడు. అంటే పోలీసులతో పని లేకుండా నేరుగా మేజిస్ట్రేట్‌కు ఇచ్చుకునే ఫిర్యాదు. నాతో విడాకులు కాకుండానే నా భార్య ఇంకొకరిని పెళ్లాడింది, శిక్షించండి అని. సెక్షన్ 494 కింద నేరం రుజువైతే ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. వారి పెళ్లికీ విడాకులకూ వారి ఆచారమే చట్టం. కాబట్టి ఈ కేసులో నాకు ఒక సులువైన దారి కనబడింది. ఒక పెళ్లి ఉండగా ఇంకో పెళ్లి చెల్లదనే కట్టుబాటు తమ తండాలో ఉందని రుజువు చేయాల్సిన బాధ్యత రవిది. చేయలేకపోతే కేసు నిలవదు. ఆ మాటే సుజాతకు చెప్పాను.

"అంటే ఏమయితది అక్కా?"

"కేసు కొట్టేస్తరు."

"ఇడుపు అయిందని రాస్తరా మరి?"

"విడాకుల సంగతి జోలికే పోరు."

"గట్ల వద్దక్కా. గట్లయితే నేను ఇద్దరు మొగుళ్లున్నదాన్నయి బయటికొస్త. రేపు నా బిడ్డను ఎవని బిడ్డ అంటరు?"

ఆమె అడిగింది న్యాయమైనదే, కష్టమైనదే. విడాకులు అయ్యాయని చెప్పాలంటే ఆచారాన్ని నిరూపించాలి. అది పాతదై ఉండాలి, మధ్యలో తెగకుండా సాగుతూ ఉండాలి. నాయక్ అప్పటికే చనిపోయాడు. మిగతా పెద్దలు "మాకెందుకు మేడం, పొద్దున లేస్తే మొకాలు చూసుకునేటోళ్లం" అని తప్పుకున్నారు. పంచాయితీలో ఏం జరిగిందని సుజాతను ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: "మాట్లాడిండ్రు, ఇడగొట్టిండ్రు." ఒట్టి మాటతో ముడి ఊడుతుందా అని నాకు అనుమానంగానే ఉండేది.

ఆ రోజు కూడా వాయిదా పడింది. ఒక ముసలమ్మ టెంటు దగ్గరికి వచ్చి కుండలో నీళ్లు తాగింది. అద్దాల రవికె, ఘాగ్రా, చెంపల మీదికి వేలాడే వెండి జుట్టు నగ. ఆ నగను టోప్లీ అంటారు, పెళ్లయిన ఆడవాళ్లకు గుర్తు. వచ్చి నా పక్కనే కూర్చుని నా చేతుల వంక చూసింది.

"నీ మొగడు ఏం జేస్తడు బిడ్డా?"

"పోయిండవ్వా. ఎండకాలంల."

"మరి గాజులు తియ్యలే?"

"ఎవలు తియ్యలే. నేను గూడ తియ్యలే."

"మంచిదే. తీసుడు అల్కగాదు. మా కోడలికి టోప్లీ నేనే తీసిన. చేతులు రాలే జరసేపు."

"కొడుకు పోయిండా అవ్వా?"

"వాడు పోవుడేంది! గా చాయ బండికాడ లేడా? కోడలే వాణ్ని ఇడిశిపెట్టి పోయింది. నాయక్ నన్ను టోప్లీ తియ్యమన్నడు. చీర కట్టే పోరికి టోప్లీ ఏడిది? నాది ఇప్పి దాని జుట్టుకు కట్టిన. మళ్ల నేనే తీసిన."

చాయ బండి దగ్గర రవి నిలబడి ఉన్నాడు. ఈమె అతని తల్లి ఈరి.

"అవ్వా, నేను సుజాత వకీలును" అన్నాను, లేచిపోతుందేమో అనుకుంటూ.

"ఎరుకే. ఊకెనే వచ్చి కూసున్ననా?"

"గిదే మాట జడ్జి ముందట చెప్తవా?"

"వాడు నాకు బువ్వ పెట్టే కొడుకు." గొంతు తగ్గించి అంది: "కాయితం పంపుమను. పిలిస్తే వచ్చినట్టుంటది. నా అంతల నేను వస్తే ఇంట్ల ఉండనియ్యడు."

సాక్షికి సమన్లు ఎందుకు పంపాలో నాకు ఏ పుస్తకమూ అంత బాగా చెప్పలేదు. సాయంత్రం టోప్లీ సంగతి సుజాతను అడిగితే ఆశ్చర్యపోయింది. "గది గూడ కోర్టుల చెప్పాల్నా అక్కా? నవ్వరా?"

బహిష్కరణ ముగిశాక విచారణ నడిచింది. ఈరి డిఫెన్స్ విట్నెస్, అంటే నిందితురాలి తరపు సాక్షి. సమన్లు అందుకుని కొడుకుతోనే వచ్చింది. రవి వకీలు క్రాస్ ఎగ్జామినేషన్ మొదలుపెట్టారు.

"మీ కోడలు పెళ్లిలో టోప్లీ పెట్టుకుందా?"

"లే. బస్సుల నవ్వుతరని సిగ్గు దానికి."

"ఇప్పటి కోడళ్లు ఎవరైనా పెట్టుకుంటారా?"

"ఎవ్వలు పెట్టుకోరు."

ఆయన బెంచి వైపు తిరిగారు. ఆచారం ఎప్పుడో తెగిపోయిందనీ, తలమీద లేని నగను తెచ్చిపెట్టి తీయడం విడాకులు కాదు, నాటకమనీ అన్నారు.

"పెట్టందే ఎట్ల తీస్తరు సారూ?" అంది ఈరి.

హాలంతా నవ్వింది. మేజిస్ట్రేట్ గారు నవ్వలేదు. "ఉత్త మాటతో విడగొడితే సరిపోదామ్మా?" అని అడిగారు.

"మాటయితే రేపు లేదంటరు. నా కొడుకు అంటలేడా? తీసింది నలుగురు చూడాలె. మా తోటికోడలికి మా అత్త తీసింది. దీనికి నేను తీసిన. నా కొడుకు నాకు కావాలె, గని తీసింది తియ్యలేదని ఎట్ల చెప్పాలె?" తర్వాత ఎవరూ అడగకుండానే అంది: "పెట్టినంక జరసేపు చూసిన. సక్కగున్నది పోరి."



సుజాత నిర్దోషి అని తీర్పు వచ్చింది. రోజువారీ జీవితంలోంచి పోయిన వస్తువును కూడా విడాకుల కోసం వెతికి తెచ్చుకున్నారంటే ఆచారం బతికే ఉన్నట్టు అని అందులో రాశారు. సుజాత ముందు అడిగింది జైలు గురించి కాదు. "ఇడుపు అయిందని రాసిండ్రా?" అంది. ఆ వాక్యాన్ని తెలుగులో రెండుసార్లు చదివి వినిపించాను. ఈరి, రవి ఒకే బస్సు ఎక్కి వెళ్లారు.

అప్పటినుంచి విడాకుల కోసం ఎవరొచ్చినా ముందు వారికి ఏ చట్టం వర్తిస్తుందో చూస్తాను. ఆచారం ప్రకారం విడిపోయామంటే, ఎవరు ఏమన్నారని కాక, ఎవరు చేత్తో ఏం చేశారని అడుగుతాను. భర్త వైపు నుంచి ఒక్క సాక్షి అయినా ఉన్నారా అని అడుగుతాను. నోటరీ ముందు రాసుకున్న ఒప్పందం దానంతటదే విడాకులు కాదని చెబుతాను. అనుమానం ఉంటే, మళ్లీ పెళ్లికి ముందే సివిల్ కోర్టులో డిక్లరేషన్, అంటే విడాకులు చెల్లుతాయనే ప్రకటన, తెచ్చుకోమంటాను.

ఈరి చనిపోయింది. ఆ తండాలో ఇప్పుడు విడిపోయే కోడలికి టోప్లీ పెట్టరు, తీయరు.