ట్యాంకు కడిగిన దసరా

1984లో నేను ఖానాపూర్ అవతల, ఎముకల నుంచి జిగురు తీసే ఒక చిన్న ఫ్యాక్టరీలో కెమిస్టుని. అక్కడి మురికి నీళ్లను శుభ్రం చేసి వాగులోకి వదలడం నా పని. ఒంటికి పట్టిన కంపు ఎంత తోమినా పోయేది కాదు. బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. నా గదికి వచ్చే మనిషి ఒక్కడే, వాగు కింది చెరువులో చేపలు పెంచుకునే పోశం. ఆదివారం పొద్దున వచ్చి ఓ గంట ముచ్చట పెట్టి పోయేవాడు. వారమంతా ఆ గంట కోసమే ఎదురుచూసేవాణ్ణి.

మా పనిలో అసలు కూలీలు బ్యాక్టీరియా. గాలి కొట్టే ఏరేషన్ ట్యాంకులో, స్లడ్జ్ అనే బురదలో ఉంటాయి. నీళ్లలోని అమ్మోనియా, అంటే చేపలకు విషమైన నత్రజని పదార్థం, వాటికి తిండి. మహా నెమ్మదస్తులు. చలి పెడితే మరీ ముడుచుకుంటాయి.

ఆ దసరాకి ఆయుధపూజ అని అందరూ తమ తమ మిషన్లు కడుగుతుంటే నాకూ పౌరుషం వచ్చింది. ట్యాంకు ఖాళీ చేయించి, బురదంతా తోడించి, అడుగు దాకా రుద్దించి బొట్లు పెట్టించాను. మేనేజరు మెచ్చుకున్నాడు కూడా. ఏళ్లుగా పెరిగిన బ్యాక్టీరియాను చేతులారా పారబోశానని నా బుర్రకు తట్టలేదు. కొత్త బురద పట్టేలోపే ఆదిలాబాద్ చలి దిగింది.

దీపావళి దాటాక ఓ ఆదివారం పోశం వచ్చాడు గానీ కూర్చోలేదు.

"సారూ, చేపలు సచ్చి తేలుతున్నయ్. సగం పోయినయ్. మీ నీళ్లల్ల ఏమన్న ఉన్నదా?"

అమ్మోనియా పెరిగిందని ముందు రోజే పరీక్షలో చూశాను. చెబితే ఉద్యోగం పోతుందని భయం. అంతకన్నా, ఈ ఒక్కడూ రావడం మానేస్తాడని భయం.

"చలికి కావచ్చు పోశం. నాలుగు రోజులు చూడు" అన్నాను.

"గంతేనా? అయితే ఫికర్ లేదు" అని వెళ్లిపోయాడు.

నిజం చెప్పి ఉంటే మిగిలినవాటిని వలేసి పట్టి పక్క చెరువుకు మార్చుకునేవాడు. నా మాట నమ్మి ఆగాడు. వారంలో అవీ చచ్చిపోయాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. ట్యాంకు నీళ్లు బయటికి పోయే పాత కాలువ అడుగున, ఎన్నో చలికాలాలు చూసిన బురద కొంత మిగిలి ఉంది. దాన్ని డ్రముల్లోకి ఎత్తి, ఆరుబయట చలిలోనే పెట్టి, గాలి కొడుతూ మురికి నీళ్లు రోజూ చెంబుతో మొదలుపెట్టి మెల్లగా బిందె దాకా పెంచాను. ఎక్కువ పోస్తే బ్యాక్టీరియా చస్తాయి, తక్కువైతే పస్తుంటాయి. చేపలన్నీ పోయాక పోశం ఇటు రాలేదు, పలకరించే దిక్కు లేక వాటితోనే మాట్లాడేవాణ్ణి. నెలన్నరకు అవి చలికి అలవాటుపడ్డాయి. ట్యాంకులో కలిపాక అమ్మోనియా మెల్లగా దిగిపోయింది.

ఆ రోజు మొదటిసారి నేనే పోశం ఇంటికి వెళ్లాను. ట్యాంకు కడగడం దగ్గర్నుంచి అన్నీ దాచకుండా చెప్పి, ఇప్పుడు నీళ్లు బాగుపడ్డాయన్నాను. వల బాగుచేసుకుంటూ విన్నాడు.

"తెల్వక కడిగిండ్రు సారూ, అది నాకు సమజైంది. మరి నేనచ్చి అడిగిననాడు చలి అని ఎందుకన్నరు?"

లేచి వచ్చేశాను. ఆ తర్వాత అతను మళ్లీ ఎప్పుడూ నా గదికి రాలేదు. ఇంకో ఆరేళ్లు అక్కడే పనిచేశాను. ఆదివారాలు గడవడం చాలా కష్టంగా ఉండేది.

కొత్తగా చేరిన కెమిస్టులకు రెండు మాటలు చెబుతుంటాను. చలి ముందు బురద పారబోయకండి. పరీక్షలో ఏం వచ్చినా వాగు కిందివాళ్లకు ఆ రోజే చెప్పండి. మొదటిది పుస్తకాల్లో ఉంటుంది. రెండోది నాకు పోశాన్ని పోగొట్టుకున్నాకే తెలిసింది.