మీసానికి శానిటైజరు

నిన్న పొద్దున్న నా ఉద్యోగం ఊడిపోయేదే! అదీ తాగుబోతని ముద్ర పడి! నవ్వకండర్రా, టీ ఒలికిపోతాది. ముందు వినండి.

అంతా చంకలో లేచిన సెగ్గడ్డ వల్ల. చెయ్యెత్తితే ప్రాణం పోతంది. రైలింజిన్ నడిపేవాడు చెయ్యెత్తకపోతే ఎలాగ? డాక్టరమ్మ దగ్గరికెళ్ళేను. ఆవిడ చూసి, "మన ఒంటి మీద బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటాది. చెమట కంపు కూడా దానివల్లే. వెంట్రుకలు గీసుకున్నప్పుడు తోలు తెగితే లోపలికి దూరి ఇలా గడ్డ కట్టొచ్చు" అంది. తర్వాత ఇంకేటో చెప్తంది గానీ నాకెక్కడ వినపడింది? అప్పటికే ఒళ్ళంతా పురుగులు పాకుతున్నట్టుంది! మందుచీటీ లాక్కుని వచ్చేసేను.

ఆ రోజు నించి శానిటైజరే శానిటైజరు. మూడుపూటలా రుద్దుడే రుద్దుడు. గడ్డ మీద పడితే చుక్కలు కనిపించేవి, అయినా మానలేదు. మా ఆవిడ రమణమ్మ, "ఏటండీ ఇది! ఒళ్ళంతా పొట్టు లేచిపోతంది, దురద కూడాను" అని మొత్తుకుంది. "నీకు తెల్దులే, ఇది సైన్సు" అన్నాను.

నిన్న డ్యూటీకి వెళ్ళేను. బండెక్కేముందు, డ్యూటీ రాసుకునే లాబీలో మిషన్లోకి ఊదాలి కదా. మందు తగిలితే కుయ్యిమంటాది, ఆ తర్వాత సస్పెన్షనే. నాకేటి భయం? జన్మలో చుక్క ముట్టలేదు. పైగా ముట్టినోళ్ళకి క్లాసులు పీకే రకాన్ని.

మిషన్ గొట్టం చూసేసరికి పురుగులే గుర్తొచ్చేయి. దానికి ఎంతమంది మూతులు తగిలేయో! జేబులోంచి సీసా తీసి గొట్టం తుడిచేను. నా మీసానికి కూడా బాగా పట్టించేను. ఊదేను.

కుయ్య్య్!

లాబీ అంతా నా వైపు తిరిగింది. సూపర్‌వైజర్ సాహెబ్ కళ్ళజోడు దించి, "అప్పలరాజూ, యే క్యా?" అన్నాడు. వెనక నా అసిస్టెంట్ సాహూ, మొన్ననే తాగుడు మీద నా చేత చీవాట్లు తిన్నోడు, "అచ్ఛా గురూజీ, ఆప్ భీ? మీరూనా?" అన్నాడు. వాడి మొహం చూడాలి, పండగే! నాకు మాత్రం రైల్వే క్వార్టరు, పిల్ల కాలేజీ, పెన్షను, అన్నీ కళ్ళముందు గిర్రున తిరిగేయి. "కసమ్ సే సాబ్, ఒట్టు, తాగలేదు" అన్నాను. తాగినోడు కూడా అదేగా అంటాడు, ఎవరు నమ్ముతారు?

ఇంక దారి లేక రమణమ్మకి ఫోన్ కొట్టి స్పీకర్‌లో పెట్టేను. "మిషన్ కూసింది! నేను తాగనని సాహెబ్‌కి చెప్పవే!"

"అయ్యో సాహెబ్, యే పీతే నహీ హై! లగాతే హై!" అంది. "శానిటైజరండీ! తాగరు, పూసుకుంటారు! మెడకీ, చంకలకీ, మొన్న బొడ్లో కూడా!"

లాబీ దద్దరిల్లిపోయింది. సాహూ గోడ పట్టుకుని నవ్వుతన్నాడు.

సాహెబ్ లేచొచ్చి, అందరి ముందూ, నా మీసం వాసన చూసేడు! "వెళ్ళి మొహం కడుక్కుని రా. కొత్త గొట్టం పెట్టిస్తాను." మూడుసార్లు సబ్బుతో తోమేను. పావుగంట బెంచీ మీద కూర్చుని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేను. మళ్ళీ ఊదేను. సున్నా! నిజంగా ఏడుపొచ్చేసింది.

"బండి తీసుకెళ్ళు. రేపు మాత్రం డాక్టరు దగ్గర కాగితం తీసుకురా" అన్నాడు సాహెబ్.

ఇవాళ డాక్టరమ్మ అంతా విని తల పట్టుకుంది. "ఆ రోజు సగం విని పారిపోయేరు! ఒంటి మీద బ్యాక్టీరియాలో చాలావరకు మనకి కాపలా కాసేవే. చెడ్డవాటికి చోటివ్వవు. మీరు కాపలావాళ్ళని తరిమేసి, తోలు ఎండగట్టుకుని దురద తెచ్చుకున్నారు" అని చెడామడా తిట్టి, ఈ పూసుకునే అలవాటు మానేసేనని ఒట్టేయించుకుని, కాగితం రాసిచ్చింది. అది లాబీలో నోటీసుబోర్డుకి అంటించేసేరు. వచ్చినోడల్లా చదివి, నా భుజం తట్టి, "గట్టిగా ఉండు భయ్యా" అని పోతన్నాడు.

జన్మలో చుక్క ముట్టనోణ్ణర్రా నేను! నాకు, 'అలవాటు పూర్తిగా మానేశాడు' అని డాక్టరు సర్టిఫికెట్టు!