దిద్దిన పాటలు

చదువుకునే రోజుల్ల యూనివర్సిటీ రెండో గేటు పక్క గల్లీలనే నా పొద్దంత గడిచేది. మిర్చి బజ్జీల వాసన, చెరుకు రసం మిషన్ చప్పుడు, జనగామ నుంచి, భూపాలపల్లి నుంచి నౌకరీ పరీక్షలకు చదవనీకి వచ్చినోళ్ల ముచ్చట్లు. గా సందడి నడుమ ఒక డీటీపీ షాపు ఉండేది. మహబూబాబాద్ దిక్కు మా తండాల మా అమ్మ పాడే పాటల మీద నేను రాసిన థీసిస్‌ను ఆ షాపు అన్ననే టైపు చేసిండు.

థీసిస్ ఇచ్చే రోజు పొద్దుగాల కాగితాలు తిప్పి చూస్తే నా పానం పోయినంత పనైంది. మా లంబాడీల అమ్మను యాడి అంటం. పాటల్ల ఎక్కడ చూసినా యాడి లేదు, జ్ఞాపకం అన్నట్టు యాది అని ఉంది.

"అన్నా, గిదేంది? పాటలన్ని మార్చినవా?"

"శాన తప్పులున్నయి చెల్లే, మంచిగ దిద్దిన," అన్నడు, నేను మెచ్చుకుంట అనుకోని నవ్వుకుంట.

"అవి తప్పులు కావన్నా, మా మాటలు."

ఆయన మొఖం చిన్నబోయింది. తిడదామంటే నాకు నోరు రాలేదు. పక్కన కూసోని ఒక్కో పాట చదివిన, ఆయన మళ్ల టైపు కొట్టిండు. ఎనకనుంచి హాల్ టికెట్ల కోసం వచ్చినోళ్లు "జర జల్ది అక్కా" అని ఒకటే లొల్లి. నడుమల కరెంటు పోయింది. థీసిస్ తీసుకునే యూనివర్సిటీ ఆఫీసు మూసే యాళ్లకు సగం పాటలే బాగైనయి. అట్లనే బైండింగ్ చేయించి ఇచ్చి వచ్చిన.

తర్వాత మార్పిస్తనని పోతే, ఒకసారి ఇచ్చినంక మార్చరాదన్నరు. మిగిలిన పాటలు లైబ్రరీల ఇప్పటికీ ఆయన దిద్దినట్టే ఉన్నయి.